నేపర్‌విల్ మీదుగా హిమాలయాలకు

పాతికేళ్ల వయసులో మనిషికి తానున్న ఊరు తప్ప అన్ని ఊళ్లూ అందంగానే ఉంటాయి. ఆ రోజుల్లో నేను షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉండేదాన్ని. దోసె పెనంలాంటి చదును ఊరు. ఆఫీస్‌కి వెళ్లే రైల్లో కిటికీకి తల ఆనించి కళ్లు మూస్తే చాలు, ఇళ్ల కప్పుల మీద మంచుకొండలు లేచేవి, వాటి నడుమ ఏదో ఏరు పాడుకుంటూ పోయేది. (ఆ ఏటి వెంట పోయి రెండుసార్లు ఆఫీస్‌కి లేటయ్యాను.) నా రూమ్మేట్‌ది వరంగల్, నాకన్నా పెద్దది కాబట్టి అక్క అనేదాన్ని. ఆమెకూ ఇదే పిచ్చి. వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్లినప్పుడు హిమాలయాల్లో నడిచి, రెండు శిఖరాల మధ్య ఎత్తైన కనుమ ఒకటి దాటి తీరాలని ఒట్టు పెట్టుకున్నాం. ఆయాసపడేవాళ్లను మొదటి క్యాంప్ నుంచే వెనక్కి పంపేస్తామని ట్రెక్ నడిపేవాళ్లు ముందే బెదిరించారు.

మరి ప్రాక్టీస్‌కి కొండేదీ? చలికాలంలో పిల్లలు స్లెడ్ల మీద జారే మట్టిదిబ్బ ఒకటుంది. రోజూ తెల్లవారగానే బ్యాగుల్లో బియ్యం సంచులు వేసుకుని దాన్నే ఎక్కి దిగేవాళ్లం. ఒకరోజు అక్క బ్యాగ్ జిప్ ఊడి, సోనా మసూరి జలజలా కిందికి పారింది. దిబ్బ కింది చెరువులోని కెనడా బాతులు (రూపంలోనే బాతులు, బుద్ధి మాత్రం ఆంబోతులది) మెడలు చాచి మా మీదికొచ్చాయి.

"ఉరుకవే, ఉరుకు!"

"అక్కా, బియ్యం!"

"బియ్యం గంగల గలవనీ! పానం దక్కించుకో!"

రోడ్డెక్కేసరికి ఎదురుగా పోలీస్ కారు. ఎక్కడికి ఈ పరుగని ఆఫీసర్ అడిగాడు. ఆ ఎగశ్వాసలో అక్క నోట ఒక్క మాటే వచ్చింది: "హిమాలయాస్."

ఆయన మమ్మల్నీ, బాతుల్నీ మార్చి మార్చి చూసి, "చాలా దూరం ఉంది మ్యామ్. ఈలోగా బాతులకి మేత వేయకండి" అని గంభీరంగా సెలవిచ్చి వెళ్లిపోయాడు.

నిజంగానే వెళ్లాం. మొదటి క్యాంప్‌లో మమ్మల్ని ఎవరూ వెనక్కి పంపలేదు. పేర్లు తెలియని పూల మధ్య, నీళ్ల హోరు వింటూ నడిచి నడిచి, చివరికి ప్రాణాలు గుప్పిట్లో పట్టుకుని కనుమ ఎక్కాం. అంతా మబ్బు. గైడ్ చేయి చాపి శిఖరాల పేర్లు భక్తిగా చెబుతున్నాడు. మాకు కనబడింది ఆ చెయ్యి ఒక్కటే.

"ఏడాది సంది మనం సచ్చుకుంట నడిచింది గిది సూడనీకేనా?" అంటూ అక్క రాయి మీద కూలబడి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నేను మాత్రం అతను చెప్పిన ప్రతి శిఖరం వైపూ తల తిప్పి, మనస్ఫూర్తిగా "ఆహా!" అన్నాను.

ఇప్పుడు వెదర్ చూడనిదే కూరలకు కూడా బయల్దేరను. ఏమీ కనబడని చోట నిలబడి అంతా చూసేసిన ఆ పాతికేళ్ల పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఒక్క పూటకి అది తన కళ్లు నాకు అరువిస్తే బాగుండనిపిస్తుంది.