వెర్నా అడిగిన కుర్చీ

పైనుంచి వచ్చే నిధులు తెగ్గోయడంతో రాష్ట్ర కార్మిక శాఖ మొదట ఖాళీలు నింపడం మానేసింది. తర్వాత సిబ్బందిని జీతం లేని సెలవుల మీద పంపింది. అదీ చాలక కొండప్రాంతపు ఆఫీసులు మూయడం మొదలుపెట్టింది. ఆ వరసలో వెర్నా కోస్టెల్నిక్ కూర్చుని నిరుద్యోగ భృతి దరఖాస్తులు తీసుకునే కిటికీకీ మూడింది.

గాజు ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు భృతి కోసం ఆ కిటికీ బయటే నిలబడ్డ మనిషి వెర్నా. పరీక్ష రాసి లోపలికొచ్చింది. జుట్టు అక్కడే నెరిసింది. చుట్టుపక్కల ఏదో ఒక గని మూసినప్పుడల్లా మగాళ్లు టోపీ తీసి నేలచూపులు చూస్తూ వచ్చేవారు. "తలెత్తు నాయనా, నువ్వేం దొంగతనం చెయ్యలేదు" అని కసిరి మరీ దరఖాస్తు నింపించేది.

మూసివేత కబురు చెప్పడానికి రాజధాని నుంచి ఉపసంచాలకుడు ప్రెస్కాట్ హేల్ దొరగారు స్వయంగా దయచేశారు, చేతిలో డోనట్ల పెట్టెతో.

"అందరం కాస్త తగ్గించుకోవాలి కదా వెర్నా గారూ! మీరూ హాయిగా మనవలతో గడపొచ్చు."

"నాకు మనవలు లేరు. తగ్గాల్సింది మీరే, ఆ చొక్కా గుండీలు చూసుకోండి."

ఆయన ముసలిదాని మాటేలెమ్మని నవ్వేశాడు. ఆ నవ్వుకే వెర్నా ఒళ్లు మండింది.

ఆ శాఖలో ఒక పద్ధతి ఉంది. ఉద్యోగం పోయిన సీనియరు, అదే హోదాలో తనకంటే వెనక చేరినవాళ్లెవరి కుర్చీ అయినా అడిగి పుచ్చుకోవచ్చు. ఆ సాయంత్రమే యూనియన్ మనిషి డెల్మార్ ఆమె వంటింట్లో కూర్చున్నాడు.

"పక్క ఊళ్లోనే దొరుకుతుంది వెర్నా. రోజలీన్ కుర్చీ."

"చంటిపిల్లల తల్లి పొట్ట కొట్టమంటావా? సిగ్గులేదూ నీకు? రాజధానిలో ఎవరున్నారు?"

డెల్మార్ కాఫీ కప్పు దించాడు. "హేల్ గది ముందు బ్రెంట్ అనే కుర్రాడు. ఆయన బావమరిది కొడుకే. నియామకాలు ఆపేముందు గబగబా దూర్చాడు. మంచి జీతం రావాలని నీ హోదాలోనే చూపించాడు. కానీ మంచులో ఆ కొండదారిన రోజూ కారు తోలతావా? పిచ్చా నీకు?"

"పిచ్చే. ఆ కుర్చీయే అడుగు."

హేల్ ఎగిరిపడ్డాడు. కుర్రాడికి ఇంకో పోస్టు కల్పిద్దామంటే, కొత్త పోస్టులు వద్దని ఆర్డరు వేసింది తనే. చివరికి వెర్నా కాగితం మీద సంతకం పెట్టాడు.

సోమవారం వెర్నా వెళ్లేసరికి బ్రెంట్ అట్టపెట్టెలో సామాను సర్దుకుంటున్నాడు.

"కుర్చీ బాగా వెచ్చగా ఉంచావు నాయనా" అంటూ కూర్చుంది.

హేల్ గుమ్మంలోకి వచ్చాడు. "ఇక్కడి పని మీకు ఇబ్బందేమో వెర్నా గారూ."

"నాకేం ఇబ్బంది సార్? ఇబ్బంది కొండల్లోవాళ్లకే, ఇప్పుడు వాళ్లకి చెప్పుకునే చోటు లేదు. అందుకని మూసేసిన కిటికీ మీద మీ గది ఫోన్ నంబరు అంటించి వచ్చాను."

లోపల ఫోన్ మోగింది. ఆయన ఆమెకేసి చూశాడు. ఆమె కోటు విప్పి తీరిగ్గా కుర్చీకి తగిలించుకుంది.

"ఎత్తండి సార్. మీకే."