మూడు ఫిరంగుల ఓడ

బాల్కనీ కటకటాలకు వేద్దామని తెచ్చిన బూడిదరంగు పెయింటు డబ్బా మూత తీయగానే, ఆ ఘాటు వాసన వెంట కొత్తపేటలో మా పాత ఇంటి వాకిలి, తెలంగాణ ఉద్యమం నాటి బందు రోజులు, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ నుంచి తెచ్చుకున్న చెక్కపెట్టెల్లో మిగిలిన మామిడి తీపి, అన్నీ వరసగా లేచి వచ్చాయి.

బందు అంటే బడి లేదు, బస్సు లేదు. పొద్దున మా ఇంటి ముందు మెయిన్ రోడ్డు మీద క్రికెట్, మధ్యాహ్నం అదే రోడ్డు మీద పొయ్యిలు పెట్టి అందరికీ వడ్డించే వంటావార్పులో పొగలు కక్కే పులిహోర, సాయంత్రం డప్పులు. మిగిలిన సమయమంతా ఓడ.

పక్క పోర్షన్‌లో అద్దెకుండే అప్పారావు తాతయ్యది భీమిలి. నేవీలో చాలా ఏళ్లు ఒక పాత క్రూయిజర్ యుద్ధనౌక మీద పనిచేశారు. ఆయన చెబుతుంటే దాని సర్వీసు చరిత్రను లెక్కల నోటుబుక్కు వెనక వరసపెట్టి రాసుకున్నాను: పరాయి దేశంలో కట్టడం, మన నేవీ కొనడం, రెండుసార్లు పెద్ద మరమ్మతు, కుర్ర నావికులకు శిక్షణ, చివరికి తుక్కు. ఆ చివరి మాట దగ్గర తాతయ్య, "ఇంకోసారి నీళ్లమీద సూడాల్రా దాన్ని," అనేవారు.

అందుకే నేనూ, నల్గొండ నుంచి వచ్చిన ఆటో డ్రైవరు కొడుకు యాదగిరీ చెక్కపెట్టెలు విప్పి, మూడడుగుల ఓడ కట్టి, బూడిదరంగు పూశాం. ముందు రెండు, వెనక ఒకటి, ఇనుప గొట్టాల ఫిరంగులు. వాకిట్లో నీళ్ల తొట్టిలో దింపితే మూడు బందుల్లో మూడుసార్లూ బోర్లాపడింది.

"గా ఫిరంగి ఒకటి తీసేద్దాం తాతా, జర తేలికైతది," అన్నాడు యాదగిరి.

"ఏట్రా, తీసేత్తే అది మా ఓడెలాగవుద్ది?" తాతయ్య మొండికేశారు.

ఓడలో ఏది ఎక్కడుండేదో రాసుకున్న పేజీ కోసం నేను నోటుబుక్కు తిరగేశాను. ఫిరంగులు, జెండా, వంటగది, అన్నీ ఉన్నాయి; తాతయ్య పనిచేసిన చోటు లేదు.

"మరి మీరెక్కడుండేటోళ్లు తాతా?" అన్నాను.

"నానా? అట్టడుగున. బాయిలర్ల కాడ."

"అవి బరువుంటయా?" యాదగిరి అడిగాడు.

తాతయ్య నుదురు కొట్టుకుని పగలబడి నవ్వారు. "ఓర్నాయనో! పైనున్నయ్యన్నీ ఎట్టించి, నా బాయిలర్లే మర్సిపోనాను!"

యాదగిరి వాళ్ల నాన్న సామాన్ల డబ్బాలోంచి పాత నట్లు, బేరింగులు తెచ్చి బాయిలర్లకు బదులు ఓడ అడుగున పరిచాడు. ఓడ ఒకసారి ఊగి, నిలబడింది. మూడు ఫిరంగులతో. తాతయ్య తొట్టి పక్కన కూలబడి, కళ్లు నీటి అంచుకు దించి, "అదీ మా ఓడ!" అని అరిచారు. మేమూ అరిచాం. వంటావార్పు వాళ్లు ఏమైందోనని గంటెలతో పరిగెత్తుకొచ్చి, ఓడను చూసి, తొట్టి చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ఆ తొట్టి చోట కార్లు నిలుస్తున్నాయి. పండ్ల మార్కెట్ ఊరవతలికి పోయింది, తాతయ్య పోయారు. వాకిట్లో పిల్లలు అరిస్తే వినబడి జనం గంటెలతో పరిగెత్తుకొచ్చేంత, బండ్లు తిరగని నిశ్శబ్దం ఆ రోడ్డుకు మళ్లీ రాలేదు.