రెండో పూట మేత

కాంపౌండరుగారు ఉద్యోగం మానేసి ఏడేళ్లయినా ఆయన చేతిలో కొలత పోలేదు. చేపల తొట్టికి లైటు ఆరు గంటలే. మేత పొద్దున్న ఒక్క పూటే, అదీ మందుసీసా మూతతో కొలిచి. కొలత తప్పితే కొంప మునుగుతుందంటారు. రోజూ అద్దం మీది నాచును బ్లేడుతో గీకుతారు. మొక్కలకు పట్టినదాన్ని పాత టూత్‌బ్రష్‌కి చుట్టి, దువ్వెనలోంచి వెంట్రుకలు తీసినట్టు మెల్లిగా లాగుతారు. ఆ తొట్టి భార్య ముచ్చటపడి పెట్టించుకున్నది. ఆవిడ పోయిన దగ్గర్నుంచీ ఈ నాచు వదలడం లేదు. నీళ్లు మార్చినా, లైటు తగ్గించినా, నాలుగు రోజులకే మళ్లీ పచ్చగా మొలుస్తోంది. మేత ఎక్కువైనా ఇలాగే పడుతుందని చేపల కొట్టతను చెప్పాక, ఆయన అనుమానం కోడలి మీదికి పోయింది.

ఒక సాయంత్రం, తడిచెయ్యి తువ్వాలుకు తుడుచుకుంటూ అడిగేశారు. “చేపలకి నువ్వు గానీ ఇంకోసారి మేత వేస్తున్నావా అమ్మా?”

బట్టలు మడతపెడుతున్న కోడలు ఆగిపోయింది. “నేనెందుకు వేస్తాను మామయ్యా? రోజూ నాలుగింటికి మీరే వేస్తారు కదా.”

“నేనా? నాకేమన్నా మతి పోయిందా?”

“అత్తయ్య వేసే వేళకే వేస్తారు. ‘దా తల్లీ, దా’ అంటూ, అచ్చం ఆవిడ గొంతుతోనే పిలుస్తారు. మళ్లీ ఆ పిలుపు వినిపించిందని నేనూ ఊరుకున్నాను.”

ఆయన గోడ గడియారం చూశారు. నాలుగూ ఐదు. చేతిలో తువ్వాలు విప్పారు. తడి మరకలో ఎర్రటి మేతపొడి.