మా బావకు దొరకని డబ్బా

తాడును చూసి పాము అనుకునేవాళ్ళుంటారు. మా అక్క మొగుడు పామే ఎదురొచ్చినా దానికి ఏ ముడి వెయ్యాలా అని ఆలోచించే రకం. రేవుకు వచ్చిన ఓడలను గట్టుకు కట్టడమే ఆయన చేసిన ఉద్యోగం. రేవు మూతపడింది, గోదాములు గాజు తలుపుల ఆఫీసులయ్యాయి, ఆయన చేతులు మాత్రం ఊరుకోలేదు. మంచం కోళ్ళను కిటికీ ఊచలకు కట్టాడు. గ్యాస్ బండను గోడ మేకుకు కట్టాడు. బజారు సంచి మూతి విప్పాలంటే అక్క కత్తెర వెతుక్కోవాల్సి వచ్చేది.

"ఒసేయ్, ఈయన రోజంతా ఇంట్లో ఉంటే నన్నూ దేనికో ఒకదానికి కట్టేస్తారే" అనేది నాతో.

అందుకే ఆయన పొద్దున్నే రేవుకు పోతానంటే అడ్డు చెప్పేది కాదు. గట్టు మీద కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగి, భోజనం వేళకు ఇల్లు చేరేవాడు. గేటు కాపలాదారు పాత పరిచయం కొద్దీ లోపలికి వదిలేవాడు. ఇంతలో కొత్త మేనేజరు వచ్చి, పని లేనివాళ్ళను రానివ్వొద్దని ఆర్డరు వేశాడు.

"సోమవారం నుంచి రాకండి బాబాయ్. నా ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు కాపలాదారు.

అది విన్నప్పటినుంచి బావకు ముద్ద దిగలేదు. కూర్చున్నవాడు లేచేవాడు, లేచినవాడు ఎందుకు లేచానా అని నిలబడేవాడు. రేవు కూడా పోతే ఈ మనిషి ఏమైపోతాడో అని అక్కకు ఒకటే భయం. నాకూ గుబులుగానే ఉంది. ఓసారి వెంట వెళ్ళి చూడమని శనివారం నన్ను పంపింది.

మేం వెళ్ళేసరికి, ఓడలను కట్టే ఇనుప గుంజ దగ్గర ఒకావిడ చతికిలబడి తాడుతో కుస్తీ పడుతోంది. గుంజ అడుగున చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. అంత డబ్బాను ఎవరో ఓడను కట్టినంత గట్టిగా కట్టిపడేశారు. ఎవరో ఏమిటి, నా మొహం.

"బావా, ఇది నీ నిర్వాకమేనా?"

"ఊరికే పెట్టి పోయారే. గట్టు మీద కట్టకుండా ఏ వస్తువూ వదలకూడదు. కాస్త గాలి వీస్తే నీళ్ళపాలు."

ఆవిడ చీర దులుపుకుంటూ లేచింది. "మీరేనా కట్టింది? వచ్చినవాళ్ళంతా విప్పలేక నన్ను తిట్టిపోస్తున్నారు బాబాయ్ గారూ."

"లాగితే బిగుస్తుందమ్మా. నెట్టాలి" అని బావ బొటనవేలితో నెట్టి ముడి విప్పాడు.

ఆ డబ్బా దాచింది ఆవిడేనట. ఫోన్‌లో గుర్తు చూసుకుంటూ ఇలాంటివి వెతికే ఆట ఒకటుందట, జియోకాచింగ్ అంటారట. దొరికినవాళ్ళు లోపలున్న కాగితం మీద పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే పెట్టి పోవాలి. తిన్నది అరగనివాళ్ళ ఆట అనుకున్నాను నేను. బావకు పట్టింది వేరే సంగతి.

"గేటు దగ్గర మిమ్మల్ని ఆపరా?"

"మేనేజరును అడిగి అనుమతి తీసుకున్నానండీ. వెతికేవాళ్ళు ఎవరైనా రావచ్చు."

"ఎన్నిసార్లయినా?"

"దొరికేదాకా ఎన్నిసార్లయినా. దొరికాక ఇంకేం పని?" ఆవిడ నవ్వుతూ కాగితం, పెన్సిలు అందించింది. "మీకూ దొరికింది కదా, పేరు రాయండి."

బావ పెన్సిలు పట్టుకున్నాడు. కాసేపు కాగితాన్ని చూశాడు, కాసేపు నీళ్ళను చూశాడు. పెన్సిలు తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నాకింకా దొరకలేదమ్మా" అన్నాడు.

ఆవిడ అయోమయంగా నా వైపు చూసింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది.

సోమవారం కాపలాదారు గేటుకు చెయ్యి అడ్డం పెట్టాడట.

"ఏం పని మీద బాబాయ్?"

"డబ్బా వెతకాలి."

"అదెక్కడుందో మీకు..." అని మొదలుపెట్టి, బావ మొహం చూసి గేటు తీశాడట.

ఇప్పటికీ రోజూ వెళ్తున్నాడు. భోజనం వేళకు రాగానే అక్క గరిటె చేత్తో పట్టుకునే, "దొరికిందా?" అని అడుగుతుంది. ఆ అడగడంలో ఎంత భయముంటుందో పక్కనుండే నాకు తెలుసు.

"లేదే" అంటాడు బావ.

అప్పుడు అన్నం వడ్డిస్తుంది.