బొట్టు పెట్టారు సరే, నాడి చూశారా?

రేపల్లెలో మా వదిన పోయారన్న వార్త వెంటే మరొక మాట కూడా బాపట్ల నుంచి తెనాలి దాకా పాకింది. ఆవిడ అండ లేక నేనిక కారు నడపలేనని, దాన్ని అమ్మకానికి పెట్టానని. మొదటిది నిజం. రెండోది అబద్ధం.

వదిన నా భర్తకు అక్కగారు. పోయిన వారం నిద్రలోనే వెళ్ళిపోయారు. భర్త గతించాక రెండు అద్దె కార్లు తిప్పించి సంసారం ఈదిన మనిషి. డ్రైవర్లు ఏ మరమ్మతు చెప్పినా బానెట్ ఎత్తించి, చెవి ఒగ్గి స్వయంగా విన్నాకే ఒప్పుకునేవారు. బాపట్ల కాలేజీలో పాఠాలు చెప్పి అక్కడే రిటైరైన నన్ను చివరిదాకా "అమ్మాయ్" అనే పిలిచారు. నాకు కారు నేర్పింది ఆవిడే. "ఎర్ర లైటు వెలిగితే ఉన్నచోటే ఆపెయ్. పసుపుది వెలిగితే భయపడకు, ఎందుకని అడుగు." ఇది తొలి పాఠం.

కొన్నేళ్ళ క్రితం నా ఈ కారులోనే పసుపు రంగు ఇంజను దీపం వెలిగి, ఇక ఆరలేదు. రోడ్డు మీద బాగానే పోయేది. పొన్నూరు దగ్గర రైల్వే గేటు పడి ఆపితే మాత్రం స్టీరింగు చేతుల్లో వణికేది. తెనాలిలో ఉండే నా తమ్ముడు వచ్చి చూసి, తన భార్య బొట్టుబిళ్ళ ఒకటి ఆ దీపం మీద అంటించాడు. "ఇక కనబడదక్కయ్యా."

మర్నాడు వదిన వచ్చారు. బిళ్ళను గోటితో ఊడదీసి, "బొట్టు పెట్టారు సరే, నాడి చూశారా?" అన్నారు.

"ఇంజను పోయిందంటండి వదినగారూ. అమ్మెయ్యడమే మంచిదంట," అన్నాడు ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయిన తమ్ముడు.

"నిలబడితే వణికినంత మాత్రాన పోయినట్టేంటి? మీ బావకీ నిలబడితే మోకాళ్ళు వణికేవి. అమ్మేశామా?"

తమ్ముడు ఇంజను స్టార్ట్ చేసి బానెట్ ఎత్తాడు. వదిన బానెట్ మీదికి వంగి, "అమ్మాయ్, బుస్సుమంటోంది విను," అన్నారు. సన్నని రబ్బరు పైపు ఒకటి చిట్లి గాలి పీలుస్తోంది. ఆవిడ వేలితో అదిమి పట్టగానే వణుకు ఆగింది. పైపు మార్చాం, అంతే.

వదిన పోయిన రెండు రోజులకే ఆ దీపం మళ్ళీ వెలిగింది, వణుకూ తిరిగొచ్చింది. తమ్ముడు ఫోన్ చేశాడు. "ఇక చెప్పేవాళ్ళెవరున్నారక్కయ్యా? కొనేవాణ్ణి చూశాను."

చెప్పేవాళ్ళు లేకపోవచ్చు; వినడం నాకు వచ్చు. ఈసారి బుస వినిపించలేదు. మెకానిక్కు తన పరికరం తగిలించి, రెండో సిలిండరు సరిగా మండడం లేదన్నాడు. "నిప్పురవ్వనిచ్చే కాయిళ్ళు నాలుగూ మార్చేద్దామండి."

"ముందు రెండోదాని కాయిల్ తీసి మూడోదానికి పెట్టు నాయనా."

పెట్టాడు. తప్పు కూడా కాయిల్ వెంటే మూడోదానికి వెళ్ళింది; అంటే పాడైంది ఆ కాయిలే. ఆ ఒక్కటీ మార్పించాను.

ఇవాళ పొద్దున తాళం తిప్పాను. దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగి, ఇంజను అందుకోగానే ఒక్కొక్కటే ఆరిపోయాయి. చాలాసేపు అలాగే కూర్చుని, ఆ నిలకడైన చప్పుడు వింటూ ఉండిపోయాను.

రేపు రేపల్లెలో వదినగారి పెద్దకర్మ. తమ్ముడు పంపుతానన్న కారు వద్దన్నాను. కొంటానన్న మనిషికీ నేనే ఫోన్ చేసి, బండి అమ్మేది లేదని చెప్పాను. చెరుకుపల్లి మీదుగా నా కారు నేనే నడుపుకుంటూ వెళుతున్నాను.