మా గదికి ఏసీ వచ్చిన ఎండాకాలం

తిరుత్తణి ఎండలు ఎట్లాంటివో బయటివాళ్లకు చెప్పి నమ్మించడం కష్టం. నడి వేసవిలో కత్తిరి రోజులు మొదలయ్యాయంటే కొండ రాయి పగలంతా కాగి, ఆ వేడిని రాత్రంతా ఊరి మీదికి వదులుతుంది. నేను పుట్టి పెరిగింది ఆరణిలో. అక్కడ ఏట్లో నీళ్లు లేకపోయినా ఇసకైనా చల్లగా ఉండేది. పెళ్లయి వచ్చిన తొలి ఎండాకాలంలోనే నాకొక సంగతి అర్థమైంది. ఈ ఊళ్లో దేవుడు కొండెక్కి కూర్చున్నది గాలి కోసమే.

మామకు బజారు వీధిలో పప్పులు, బెల్లం అమ్మే మండీ ఉండేది. ఇంట్లో తొమ్మిది మందిమి. మామ, అత్త, మామకు అక్కయిన ముసలమ్మ, బావ, తోడికోడలు, వాళ్ల పిల్ల, ఒక మరిది, మేమిద్దరం. పాతకాలపు ఇల్లు. నడిమింట్లో నిలబడి తలెత్తితే ఆకాశమే. నాలుగు గోడలు, ఒక తలుపు, ఆ తలుపుకు లోపలి గడియ, ఇవన్నీ ఉన్న గది ఒక్కటే. కొత్తగా పెళ్లయినవాళ్లకు గది, పిల్లలు పుట్టినవాళ్లకు నడవ అనేది ఆ ఇంటి ఆచారం. నేను కాపురానికి రాగానే తోడికోడలు ఒక మాట కూడా అనకుండా తన చాపలు నడవలోకి మార్చుకుంది. ఆ గడియ అంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. పగలు తుడిచేటప్పుడు దాన్ని కూడా ఒకసారి తుడిచేదాన్ని.

ఆ ఏడు కత్తిరికి ఇంకా నెల ఉందనగా మామ మద్రాసుకు సరుకు కోసం పోయి, సరుకుతో పాటు ఒక ఏసీని లారీ ఎక్కించుకొచ్చాడు. ఏదో ఆఫీసు మూసేస్తూ సామాన్లు వేలం వేస్తుంటే చవగ్గా వచ్చిందట. చవగ్గా వచ్చిన వస్తువును మామ వద్దన్న దాఖలా లేదు. అంతకు ముందు ఇట్లాగే చవగ్గా మంగలి షాపు తిరుగుడు కుర్చీ ఒకటి వచ్చింది. ముసలమ్మ దాంట్లో కూర్చునే జపం చేసుకునేది, ఎవరైనా పిలిస్తే కుర్చీతో సహా తిరిగేది.

ఆకాశానికి ఏసీ పెట్టలేం కాబట్టి అది మా గది కిటికీకి వచ్చింది. మేస్త్రీ వచ్చి కిటికీ ఊచలు కోసి మిషన్ను దాంట్లో ఇరికించాడు. పక్కన పెట్టె అంత స్టెబిలైజరు. స్విచ్చి వేస్తే వీధిలో బల్బులన్నీ ఒకసారి తల వంచి లేచేవి. మొదటి రోజు నేనూ మా ఆయనా ఆ చల్లగాలిలో కూర్చుని, ఏ జన్మలో ఏ పుణ్యం చేసుకున్నామో అనుకున్నాం. ఆ పుణ్యం కచ్చితంగా ఒక్క రోజుకే సరిపోయింది.

మరుసటి పొద్దున కాఫీల దగ్గర మామ గొంతు సవరించుకున్నాడు.

“బస్సుకి డీజిలు ఒకటే గదా. ఇద్దురెక్కినా అంతే, నిండా ఎక్కినా అంతే. ఇద్దురి కోసరం అంత పెద్ద మిషను తిప్పేదా? కరెంటోడు ఊరికే ఇస్తాండాడా? ఈ పొద్దు నించి అందురూ ఆడనే పండుకోండి.”

మా ఆయన గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. ఆయన నోట్లోంచి ఒక్క మాట వస్తుందేమోనని చూశాను. వచ్చింది. “కాఫీలో చక్కెర తక్కువైంది” అన్నాడు.

ఇక మా గది సంగతి ఏం చెప్పేది! గోడవార మామ, ఆయన పక్కన బావ, ఆ పక్కన మరిది, తర్వాత మా ఆయన. ఇవతలి వరుసలో ముసలమ్మ, అత్త, తోడికోడలు, పిల్ల, తలుపు దగ్గర నేను. మధ్యలో నీళ్ల చెంబు సరిహద్దు. చల్లగాలి పోకూడదని గడియ వేసే పని నాకే అప్పగించారు. ఎనిమిది మందిని లోపల పెట్టుకుని ఆ గడియ వేస్తుంటే నా ఒళ్లు మండిపోయేది. ముసలమ్మకు చలి, తలకు తువ్వాలు చుట్టుకుని మంకీ క్యాప్ కావాలనేది. పిల్లకు ఆకలి. మామకు గురక. అత్త సరిగ్గా మిషన్ కిందనే చాప పరుచుకునేది, అక్కణ్ణించి ఎవరు జరపబోయినా జరిగేది కాదు. గాలంతా ఈమెకేనా అని లోపల లోపల సణుక్కునేదాన్ని.

మామ లెక్కలో ఒక తప్పుందని నాకు తొందరలోనే తెలిసింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామ దయతలచి కాసేపు ఏసీ వేయనిచ్చేవాడు. మగవాళ్లు మండీలో ఉంటారు, ఆడవాళ్లు వంటింట్లోనే కునుకు తీస్తారు. ఒక్కోసారి గదిలో నేనొక్కదాన్నే ఉండేదాన్ని. అప్పుడు ఏసీ కాసేపు మోగి, గది చల్లబడగానే టక్కుమని ఆగేది. చాలాసేపటికి మళ్లీ మొదలయ్యేది. అదే తొమ్మిది మందిమి ఉంటే ఆగడమనేదే లేదు. మనిషంటే ఒక చిన్న పొయ్యి. తొమ్మిది పొయ్యిలు వెలిగించి గది చల్లబడమంటే ఎట్లా? మండీలో మూటలు ఎక్కువ కొంటే చవక పడుతుంది కాబట్టి, మనుషులు ఎక్కువైతే కరెంటు కూడా చవక పడుతుందనుకున్నాడు మామ. కోమటి లెక్క ఎప్పుడూ తప్పదంటారు. ఏసీ ఒక్కదాని ముందే తప్పింది.

తెలిసి ఏం లాభం? కొత్త కోడలు నోరు తెరిచి, గదిలో మంది ఎక్కువయ్యారు మామా అని ఎట్లా చెప్తుంది? ఎందుకు చెప్తున్నానో మూడేళ్ల పిల్లకు కూడా అర్థమైపోతుంది. సిగ్గులేనిదని ఆరణి దాకా పేరు పోతుంది. మా ఆయనతో చెప్పిద్దామంటే ఆయనతో మాట్లాడేందుకు చోటేదీ? నడవలో ఎదురుపడితే ఒకరి కాళ్లు ఒకరం చూసుకుని పోతున్నాం. అందుకే నోరు మూసుకుని కరెంటు బిల్లు కోసం ఎదురుచూశాను. బిల్లు వస్తే మామ తనంతట తానే తెలుసుకుంటాడు, నా గది నాకొస్తుంది. బిల్లు ఎంత ఎక్కువ వస్తే అంత మంచిదని దేవుడికి మొక్కుకున్న ఇల్లాలు మా ఊళ్లో నేనొక్కతినే అయి ఉంటాను.

రెండు నెలలకొకసారి మీటరు చూసే మనిషి వచ్చి, మీటరు పక్కన మేకుకు తగిలించిన తెల్ల కార్డు మీద లెక్క రాసిపోయేవాడు. ఈసారి ఆయన మీటర్ని చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. “ఎన్నమ్మా, లాడ్జి నడత్తుఱీంగళా?” అని అరవంలో అడిగాడు. లాడ్జి నడుపుతున్నారా అని. ఒకరకంగా నిజమే. ఆయన పోయాక కొండ వైపు తిరిగి ఒక దండం పెట్టాను.

అదే మధ్యాహ్నం అత్తా నేనూ కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. నేను హుషారుగా ఉన్నాను. అత్త ముఖం కూడా తేటగా ఉంది. ఆ మాటే అన్నాను.

“ఏం చెప్పేది పాపా” అంది అత్త. “మూడేండ్లాయ, నాకు రేత్రిపూట నిద్దర లేక. ఉన్నట్టుండి ఒళ్లంతా నిప్పు పెట్టినట్టు కాలిపోతాది. లేచి బాయి కాడ నీళ్లు పోసుకుంటా, మళ్లా కాలిపోతాది. డాక్టరమ్మని అడిగితే ఈ వయసుకి అందురికీ అంతే అనె. మీ మామకి చెప్పేదానికీ సిగ్గే. ఈ మిషను వచ్చినాకనే నేను పండుకుంటాండేది.”

ఆమె బావి దగ్గర నీళ్లు పోసుకోవడం నేను చాలాసార్లు విన్నాను. ఏదో మడి అనుకున్నాను.

సాయంత్రం మామ కరెంటాఫీసు నుంచి వచ్చాడు. చొక్కా విప్పలేదు, చెప్పులు కూడా విప్పకుండా నడవలో కూర్చున్నాడు. అంతకంటే పెద్ద దుఃఖం ఆ ఇంట్లో నేను చూడలేదు.

“రేపే ఎత్తేసి అమ్మేస్తా” అన్నాడు. “అది మిషను గాదు, శని.”

నా గది నాకొచ్చేసింది. నేను అడగలేదు, సిగ్గు పోలేదు, ఎవరూ వేలెత్తి చూపలేదు. మా ఆయన స్తంభం చాటు నుంచి నా వైపు చూసి, రెండు నెలల తర్వాత మొదటిసారి నవ్వాడు. అత్త బియ్యం చేట ముందు పెట్టుకుని రాళ్లు ఏరుతూ ఉంది. ఆ మాట విన్నాక కూడా తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం ఆగిపోయింది.

నా నోరు నాకే శత్రువు. “మామా, దాన్ని అమ్మేది ఏంటికి? మందెక్కువైతేనే అది నిల్చేది ల్యా. ఒగరే ఉంటే టక్కని నిల్చిపోతాది” అనేశాను.

తోడికోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామ మాత్రం వ్యాపారస్తుడు. ఎవరు చెప్పారని కాక, ఏం చెప్పారని చూసేవాడు. మరుసటి రోజు మధ్యాహ్నం తిరుగుడు కుర్చీని గదిలోకి మోయించి, ఏసీ వేసి, దానికి ఎదురుగా ఒక్కడే కూర్చున్నాడు. బాకీ ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు దాన్నే చూస్తూ ఉన్నాడు. టక్కుమంది. తర్వాత మమ్మల్నందరినీ లోపలికి పిలిచి వరసగా నిలబెట్టి మళ్లీ విన్నాడు. పిల్ల ఏడ్చింది, ముసలమ్మ తువ్వాలు అడిగింది, మిషన్ ఆగలేదు. మామ కుర్చీతో సహా మా వైపు తిరిగాడు.

“నిజమే” అన్నాడు. “ఒగరు గానీ ఇద్దురు గానీ పండుకోవల్ల. ఎవురు?”

అందరూ మమ్మల్నే చూశారు. గది ఎవరిదో అందరికీ తెలుసు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“అత్త పండుకుంటాది” అన్నాను.

మా ఆయన ముఖం అప్పుడు చూడాలి! కట్టుకున్నదే కాళ్ల కింద చాప లాగేసినట్టు చూశాడు. అత్త అయితే “నాకేంటికే, నేనేమన్నా జమీందార్నా!” అని గింజుకుంది. ఒక్క మనిషికి ఒక ఏసీ! మామ నోరు తెరిచాడు. అత్త ముఖం వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో, ఏం కనిపించిందో నాకు తెలీదు. “పండుకో పో” అని, తన చాప చుట్టుకుని వీధి వాకిట్లో తిన్నె మీదికి పోయాడు. మిగతావాళ్లం మిద్దె ఎక్కాం. ఆడవాళ్లు ఒక చివర, మగవాళ్లు ఒక చివర. మా ఆయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడినా వినపడేంత దూరంలో లేడు. గొప్ప త్యాగం చేశానన్న తృప్తి నాకేమీ కలగలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

కృత్తిక కొండ మీది దేవుడి నక్షత్రం, నెలకొకసారి వస్తుంది. ఆ నెల కృత్తికకు అత్త, మండీ చూసుకునే మా ఆయన్ను తప్ప ఇంటిల్లిపాదినీ కొండకు బయలుదేరదీసింది. ముసలమ్మను కూడా వదల్లేదు. నేను చీర మార్చుకుంటుంటే వద్దంది.

“ఇంటికి ఎవురో ఒగరు కావల ఉండల్ల గదా. నువ్వుండు పాపా. మేం వచ్చేతలికి దీపాలు పెట్టేపొద్దు అయితాది.”

నా మీద ఇంత పని పడేసి పోతుందా అని ముఖం ముడుచుకుని కూర్చున్నాను. కాసేపటికి తలుపు చప్పుడైంది. మా ఆయన, మండీ మధ్యలో వదిలేసి వచ్చాడు.

“అమ్మ పోతాపోతా మండీకాడ చెప్పింది. ఏసీ ఆపేది మర్సిపొయ్‌నాదంట, పోయి ఆపిరమ్మనె” అన్నాడు.

ఇద్దరం గది తలుపు తోశాం. లోపల చల్లగా ఉంది. ఉతికిన దుప్పటి పరిచి ఉంది. పెరట్లో బల్బు వెలుగుతుంటే సగం అన్నంలో లేచిపోయి ఆర్పి వచ్చే మనిషి మా అత్త.

మేం దాన్ని వెంటనే ఆపలేదు.

తర్వాతిసారి కార్డు చూసుకుని మామ నడవలో నిలబడి అడిగాడు, ఒక్క మనిషికి ఇంత ఎట్లా అయిందని. నేను వంటింటి తలుపు చాటుకు జరిగాను. అత్త చిక్కుడుకాయల మీద నుంచి తల ఎత్తలేదు.

“నాకు ఉక్కగా ఉండె, పగులు గూడా ఏసుకుంటి” అంది. మామ కార్డును మేకుకు తగిలించాడు.

ఆ ఇంట్లో అత్తతో ఎన్నో ఏళ్లు కాపురం చేశాను. నెలకొకసారి కృత్తిక నాడు ఏసీ ఆపడం తప్ప, ఆమె ఎన్నడూ ఏదీ మర్చిపోయింది లేదు.