మానుకోట బంతిల సోమక్క

దయ్యాలను నేను నమ్మను. నమ్మకపోవడానికి నా దగ్గర గట్టి కారణమే ఉన్నది. మా దిక్కు తిరుగుతున్న దయ్యాల కథలల్ల సగం నేను పుట్టించినయే. ఊరూరు తిరిగి వారపు అంగళ్లల్ల లుంగీలు, తువ్వాళ్లు అమ్ముకునేటోన్ని. టేకుమట్ల అంగట్ల చెప్పిన కథ రఘునాథపల్లికి నాకంటె ముందే చేరి, అక్కడోళ్లు దాన్ని నాకే చెప్పి భయపెట్టేటోళ్లు. సొంతంగ తయారుచేసిన సరుకుకు ఎవడన్న భయపడ్తడా?

అందుకే ఇది చెప్తె ఎవరూ నమ్మరు. "మల్ల మొదలువెట్టిండు" అంటరు. అననీయండి. దీంట్ల నేను కలిపింది ఏం లేదు.

మా అక్క పేరు సోమక్క. పాలకుర్తిల ఉండేది. నర్సయ్య బావది అక్కడ చిన్న కిరాణం దుకాణం. తెలంగాణ ఉద్యమం ఊరూరికి పాకిన రోజులవి. ఎక్కడ చూసినా టెంట్లు, రిలే దీక్షలు, రోడ్ల మీద వంటావార్పు. ఊళ్లె టెంటు కాడ ఎసరు పెట్టాల్నంటే మా అక్కనే పిలిచేటోళ్లు.

అప్పుడే ఆమెకు కడుపునొప్పి మొదలైంది. కుడిదిక్కు పక్కటెముకల కింద పట్టి, కుడి భుజం దాకా లాగేది. నూనె వంట తిన్ననాడు మరీ ఎక్కువ. గ్యాస్ అనుకొని సోడా తాగింది, వాము నమిలింది. చివరికి బావ జనగామ తీస్కపోయి స్కానింగ్ తీయిస్తె పిత్తాశయంల రాళ్లున్నయని తేలింది.

ఆ రోజు నేనూ ఎంబడి ఉన్న. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. కాలేయంల తయారైన పిత్తం ఆ చిన్న సంచిల నిలువ ఉంటదట. అండ్ల కొలెస్ట్రాల్ ఎక్కువై కరగకుంట మిగిలితె, మెల్లమెల్లగ గట్టిపడి రాయి అయితదట.

"నూనె తగ్గిస్తె నొప్పి తక్కువ రావచ్చు గని, ఉన్న రాయి కరగదమ్మా. దీక్షలని కడుపు మాడ్చుకోకు, పిత్తం కదలక ఇంకింత చిక్కబడ్తది. నొప్పి మాటిమాటికి వస్తున్నది కాబట్టి సంచి తీయించుకునుడే మేలు. అది లేకున్నా మనిషి మంచిగనే బతుకుతడు. చలిజ్వరమొచ్చినా, కండ్లు పచ్చబడినా ఒక్క పూట కూడ ఆగొద్దు" అన్నది.

అన్నిటికీ తలూపి, బయటికొచ్చినంక మా అక్క అన్నది: "తెలంగాణ వచ్చినంకనే కోయిచ్చుకుంట."

బావ పరాచికమనుకొని నవ్విండు. పరాచికం కాదు. అప్పటి మొక్కులు గట్లనే ఉండేటివి. ఒకలు గడ్డం పెంచిండ్రు, ఒకలు చెప్పులిడిచిపెట్టిండ్రు. మా అక్క ఆపరేషన్‌ను మొక్కింది. మేమెంత మొత్తుకున్నా ఇనలే. "నొప్పికి ఓర్చుకునుడే నా దీక్ష" అనేది.

ఇగ బావ చేయగలిగింది ఒక్కటే, కాపలా కాసుడు. దుకాణంల కూసున్నా చెవి వంటింటి మీదనే. నూనె కాగిన వాసనొస్తె గిరాకీని ఇడిచిపెట్టి లేచొచ్చేటోడు. అక్కకు మిరపకాయ బజ్జీలంటే పాణం. టెంటుల అందరికి కాల్చి పెట్టి, తను ఇంటికొచ్చి చారన్నం తినేది. ఒకనాడు ఒక్క బజ్జీ నోటికాడికి పోతుంటె బావ చేతిలకెల్లి గుంజుకున్నడు.

"మా అత్త పోయినా నువ్వున్నవు గదయ్యా, సాధించెతందుకు" అని నవ్వింది గని, కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బావ ఆ బజ్జీని బయట పారేసిండు.

తర్వాత కొన్నాళ్లకు, అంగడికని మానుకోట పోయి బంద్‌ల ఇరుక్కపోయిన. మా పాలకుర్తి ఆటో యాకయ్య కూడ అక్కడనే ఆగిపోయిండు. బస్సుల్లేవు. మిట్టమధ్యాహ్నం నడిరోడ్డు మీద వండి, విస్తరాకులేసి బంతి కూసోబెట్టిండ్రు. ఎండ, పొయ్యిల పొగ, డప్పులు. నేను అన్నం కలుపుకుంట తల లేపిన. ఎదురు వరుసల మా అక్క.

విస్తరి నిండ బజ్జీలు. ఒకటి మింగి ఇంకోటి అందుకుంటున్నది.

నాకు భయం కాలే. కోపమొచ్చింది. "ఏం తింటున్నవే అక్కా? బావకు చెప్పాల్నా?" అని అరిచిన.

నోటినిండ పెట్టుకొని నవ్వింది. "తిననియ్యి తమ్మీ. ఇగ ఏం గాదు."

ఆ గొంతు మా అక్కదే. ఎప్పుడూ ఎడమ చేత్తోని కుడి భుజం పట్టుకొని ఉండే మనిషి, ఆనాడు ఆ చెయ్యి ఒళ్లె పెట్టుకొని నిమ్మళంగ కూసున్నది.

డప్పులోళ్లు మా నడుమకెల్లి పోయిండ్రు. వాళ్లు దాటినంక ఆ జాగల ఎవ్వరు లేరు. విస్తరి ఉన్నది, దాని మీద మిరపకాయ తొడిమెలు ఉన్నయి. అది ఇంకెవరిదన్న కావచ్చు. నేను కాదనను.

యాకయ్య నీళ్లు పట్టుకొని వచ్చి, "బస్సుల్లేవు గదా అన్నా, సోమక్క ఎట్లొచ్చింది?" అన్నడు. ఆయన ఎనుకకెల్లి చూసిండట, మొఖం చూడలేదట. ఇప్పుడడిగినా అంతే చెప్తడు, ఒక్క ముక్క ఎక్కువ చెప్పడు.

బంద్ నాడు అక్కను ఇంత దూరం ఎందుకు పంపినవని అడుగుదామని బావకు ఫోన్ చేసిన. చానసేపు ఏడుపే ఇనబడ్డది.

చలిజ్వరం వచ్చినా ఎవరికీ చెప్పకుంట టెంటుల వంట చేసిందట. కండ్లు పచ్చబడ్డంకనే బావకు తెలిసిందట. ముందటి రాత్రే జనగామ దవాఖానకు తీస్కపోతె, రాయి జారి పిత్తం పోయే తొవ్వకు అడ్డం పడ్డదని, చీము రక్తంలకు పాకిందని చెప్పిండ్రట. పొద్దటిసంది గుక్కెడు నీళ్లు కూడ మింగలేదట.

"ఇప్పుడే పోయింది బామ్మర్దీ" అన్నడు.

దినాలనాడు ఆమెకు ఇష్టమైనయన్ని వండి, పిట్టకు పెట్టినం. బజ్జీలు కూడ పెట్టినం. కాకులు గోడ మీద వాలినయి గని ఒక్కటీ ముట్టలే. ఎండ ముదిరింది. ఏదో కోరిక మిగిలిపోయిందని పెద్దమనుషులు గుసగుస పెట్టుకున్నరు. బావ కిందనే కూలబడి, "నేనే తిననియ్యలే, నేనే గుంజుకున్న" అని తల కొట్టుకుంటున్నడు.

చూడలేక పక్కన కూసొని, మానుకోటల చూసింది చెప్పిన. అబద్ధాలోన్ని అని కొడ్తడేమో అనుకున్న. ఆయన తల కొట్టుకునుడు ఆపి నా దిక్కు తిరిగిండు.

"కడుపునిండ తిన్నదా?"

"తిన్నది బావా."

నేను ఆనాడు చూసింది ఏందో నాకు ఇప్పటికీ తెల్వదు. దవాఖానల గుక్కెడు నీళ్లు మింగలేని మనిషి, నా కండ్ల ముంగట ఎట్ల తిన్నదో, అంత దూరం ఎట్ల వచ్చిందో ఎన్నిసార్లు ఆలోచించినా అందదు. బావ మాత్రం ఇంకో మాట అడగలే. తువ్వాలుతోని మొఖం తుడుచుకొని లేచి, కాకులు ముట్టని ఆ విస్తరిని రెండు చేతులతోని ఎత్తిండు.

"దానికి ఆకలి లేదట" అన్నడు పెద్దమనుషులతోని. "ఇగ పోదాం పాండ్రి."